పిల్లల కాగితం పిల్లలదే

శనివారం పొద్దున్న ఏడున్నర. అనూరాధ మూడో వాటర్ బాటిల్ నింపుతూ, ఈ ఇంట్లో పని కనపడేది తన కళ్ళకేనా అని విసుక్కుంటోంది. సంచిలో రెండు జతల గౌన్లు, తువ్వాలు, టోపీ, పులిహోర డబ్బా, క్రేయాన్ల పెట్టె ఆవిడే సర్దింది. భర్త యుగంధర్ సోఫాలో కాళ్ళు బార్లా చాపి ఫోన్ చూసుకుంటున్నాడు. గరివిడి ఫ్యాక్టరీలో వారమంతా నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మాట నిజమే. అలాగని మనిషి సోఫాలో భాగం అయిపోవాలా?

"బావా, అమ్మడుకి చెప్పులు తొడుగు. బస్సు ఎనిమిదికే."

"దానికి వచ్చు కదే, అదే తొడుక్కుంటాది."

"వచ్చు. ఎడమది కుడికాలికీ, కుడిది ఎడమకాలికీ. అది తొడుక్కునేసరికి బస్సు పూసపాటిరేగ దాటిపోతుంది."

అంటూనే అనూరాధ వచ్చి కింద కూర్చుని రెండు చెప్పులూ తొడిగేసింది. ఐదేళ్ళ అమ్మడు కాళ్ళు ముందుకి చాపి, గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, పెన్సిల్ చెక్కడం, అన్నీ అమ్మే చేస్తుంది గనక ఆ పిల్లకి ఇందులో వింతేమీ లేదు.

లక్ష్మణమ్మ అప్పటికే గుమ్మం దగ్గర తయారుగా నిలబడి ఉంది. ఆవిడ యుగంధర్‌కి తల్లి, అనూరాధకి సొంత మేనత్త. నలభై ఏళ్ళు సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్మిన మనిషి. మనవరాలు పుట్టాకే విజయనగరం వచ్చింది.

"సముద్రం సూడ్డానికి బస్సు కట్టించుకుని ఎల్తారేటే? అక్కడ మేం సూసి సూసి కళ్ళు కాయలు కాసినాయి."

"చూడ్డానికి కాదత్తా, బొమ్మలు వెయ్యడానికి. పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి వెయ్యాలట."

"ఇంట్లో కూకుంటే కాగితం మీద రంగు అంటదేటి?"

అనూరాధ సంచి భుజానికి తగిలించుకుంది. జవాబు చెప్పడం మొదలుపెడితే బస్సు నిజంగానే పోతుంది.

ఈ బొమ్మల రోజు పెట్టింది అమ్మడు చదివే యూకేజీ టీచరు రూబీ మేడం. ఆదివారం ఆవిడకి చర్చి ఉంటుంది కాబట్టి రెండో శనివారం పెట్టింది. మిగతా తల్లులకి అది హాయిగా తిరిగి రావడానికి ఒక షికారు. అనూరాధకి మాత్రం పరీక్ష. పోయిన నెల పేరెంట్స్ మీటింగులో రూబీ మేడం ఒక మాట చెప్పింది.

"అమ్మడు క్లాసులో క్రేయాన్ ముట్టుకోదండీ. కాగితం ఇస్తే తిరిగి నాకే ఇచ్చేస్తుంది. మట్టితో ముద్ద చెయ్యమన్నా చెయ్యదు. జూన్‌లో ఒకటో తరగతికి తోసేస్తే పిల్ల ఇబ్బంది పడుతుంది. ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచుదామేమో. శనివారం ఒకసారి చూసి చెబుతాను."

ఆ రోజు నుంచీ అనూరాధకి కంటి మీద కునుకు లేదు. షోకేసులో ఐదు బహుమతులున్న పిల్లకి బొమ్మ వెయ్యడం రాదంటుందేమిటి ఈవిడ? అపార్ట్‌మెంట్ వాళ్ళ పోటీలో మొదటి బహుమతి, బాలల దినోత్సవానికి రెండోది, ఆన్‌లైన్‌లో మూడు సర్టిఫికెట్లు. అన్నిటి మీదా అమ్మడు పేరే ఉంది. ప్రతిసారీ అమ్మడే మొదలుపెట్టేది. అనూరాధ పక్కన కూర్చుని కొంచెం సరిదిద్దేది. కొండ వంకరగా ఉంటే కొంచెం, రంగు గీత దాటితే కొంచెం, ఆఖరికి ఆ కాగితంలో అమ్మడు వేసింది పేరు పక్కన చుక్క ఒకటే మిగిలేది.

సముద్రం ఒడ్డున సరుగుడు తోట నీడలో చాపలు పరిచారు. పదకొండు కుటుంబాలు. ఒక్కో చాప మీద పెద్దలకొక అట్ట, పిల్లలకొక అట్ట, వాటికి కాగితాలు. రూబీ మేడం చప్పట్లు కొట్టి అందరినీ తన వైపు తిప్పుకుంది.

"ఒకటే నియమం. పిల్లల కాగితం పిల్లలదే, పెద్దల కాగితం పెద్దలదే. పొద్దున్నించీ ఏం చూశారో అది వెయ్యండి. ఎవరికీ బహుమతి లేదు."

బహుమతి లేదనగానే కొందరు నాన్నలు చాప మీద నడుం వాల్చారు. ఒక పిల్లాడు కాగితం వదిలేసి తన మోకాలికి ఆకుపచ్చ రంగు పూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ దాన్ని ఫోటో తీసి మురిసిపోతోంది. అనూరాధకి ఆ తల్లిని చూస్తే ఒళ్ళు మండింది. కొంతమందికి దేవుడు ఏ బెంగా పెట్టడు.

లక్ష్మణమ్మ బస్సు దిగుతూనే తోట అవతలికి వెళ్ళిపోయింది. అటు ఆవిడ చుట్టాలు పాత వలలు పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతున్నారట. చాప మీద ముగ్గురు మిగిలారు.

"వెయ్యమ్మా, బస్సు వెయ్యి," అంది అనూరాధ. అమ్మడు క్రేయాన్ పట్టుకుని తల్లి మొహంలోకి చూసింది. రెండు నిమిషాలు ఆగింది అనూరాధ. రెండంటే ఆవిడకి చాలా ఎక్కువ. తర్వాత అమ్మడు పిడికిలి మీద తన చెయ్యి వేసి, చకచకా ఒక సముద్రం, ఒక పడవ, వెనకాల సూర్యుడు గీయించేసింది.

"అనూరాధ గారూ," అని వెనక నుంచి వినిపించింది. రూబీ మేడం గొంతు మెత్తగానే ఉంది. "మీ కాగితం ఇటుందండీ."

అటూ ఇటూ చాపల వాళ్ళు తలలు తిప్పారు. అనూరాధ చెయ్యి తీసేసింది. చెయ్యి తియ్యగానే అమ్మడు క్రేయాన్‌ని పెట్టెలో పెట్టి, మూత వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"వెయ్యమ్మా. ఇవాళ నువ్వే వెయ్యాలి."

"నాకు రాదు."

"ఎందుకు రాదే? వచ్చు నీకు."

"రాదు."

రూబీ మేడం చేతిలో చిన్న పుస్తకం ఉంది. అందులో ఏదో రాసుకుని పక్క చాప దగ్గరికి వెళ్ళింది. ఏం రాసిందో అనూరాధకి చూడకుండానే తెలిసిపోయింది. ఇంకో ఏడాది. అందరూ ఒకటో తరగతికి పోతుంటే తన పిల్ల ఒక్కతే పాత బెంచీ మీద. ఆ కోపం యుగంధర్ మీదికి మళ్ళింది.

"నీకేమైనా పట్టిందా బావా? పిల్ల మళ్ళీ అదే క్లాసులో ఉండిపోతుందంటే చీమ కుట్టినట్టయినా లేదు నీకు."

"నన్నేటి సెయ్యమంటావు?"

"దాంతో ఒక్క పూటైనా కూర్చున్నావా?"

"కూకుంటే నువ్వొచ్చి లెగ్గొడతావు. నాను బాగుందంటే నువ్వు దిద్దుతావు. నువ్వు సెయ్యనిస్తే గదా ఎవులైనా ఏదైనా సేసీది," అన్నాడు యుగంధర్. సాధారణంగా అంత పొడుగు మాట మాట్లాడని మనిషి.

అనూరాధ ఇంకా నాలుగు మాటలు అంది. ఆయన కూడా రెండు అన్నాడు. పక్క చాపల వాళ్ళు వింటున్నారని తెలిసినా గొంతు తగ్గలేదు. చివరికి తేరుకుని పక్కకి చూస్తే చాప మీద క్రేయాన్ల పెట్టె ఉంది, చెప్పులున్నాయి. అమ్మడు లేదు.

సముద్రం ఎంతో దూరంలో లేదు. యుగంధర్ నీళ్ళ వైపు పరిగెత్తాడు. అనూరాధ ఇసుక దిబ్బ ఎక్కి, "అమ్మడూ" అని పిలుస్తూ అవతలికి దిగింది. ఎండలో వలల మీద వెండిలా మెరుస్తున్న చేపలు, వాటి మధ్య వంగి పని చేస్తున్న ఆడవాళ్ళు, ఆ చివర లక్ష్మణమ్మ. ఆవిడ పక్కన మోకాళ్ళ మీద అమ్మడు.

పిల్ల క్షేమంగా ఉందని తెలియగానే ఏడుపు రావాలి. అనూరాధకి కోపం వచ్చింది. దడదడా వల మీదికే నడిచొచ్చి పిల్ల భుజం పట్టుకుని లేపింది. గౌను నిండా ఇసుక, మోచేతుల దాకా చేప పొలుసులు.

"బొమ్మ వెయ్యమంటే రాదంటావు, ఇక్కడికొచ్చి కంపులో కూర్చుంటావా? ఈ చేపలతోనా నీ ఆట?" అంటూ వంగి, ముందున్న చేపల్ని రెండు చేతులతో ఒక పక్కకి ఊడ్చి కుప్ప చేసేసింది.

"ఆగవే, ఆగు. ఏటి సేసీసినావే నువ్వు?" లక్ష్మణమ్మ లేచి నిలబడింది.

"చేపలు కుప్ప చేశాను. నీ చేపలకేమీ కాలేదులే అత్తా."

"అవి ఎండేసిన సేపలు కావే. నీ గుంట ఏసుకున్న బొమ్మ."

అనూరాధ కిందికి చూసింది. ఊడ్చింది పోగా సగం మిగిలింది. నెత్తళ్ళు తలకి తోక ఆనించి పేర్చిన పొడుగాటి బస్సు. ఆల్చిప్పల చక్రాలు. కిటికీకో చేప చొప్పున వరుసగా మనుషులు. పైన సరుగుడు చెట్లు కాబోలు, చేపల్ని నిలువుగా నిలబెట్టింది. గీతలు వంకర, చక్రాలు మూడే. కానీ అది బస్సని ఎవరైనా చెప్పగలరు. మిగతా సగం ఏమిటో ఇంక ఎవరికీ తెలియదు.

"నాకెవరు చెప్పారు?" అంది అనూరాధ. "ఇన్నాళ్ళూ క్రేయాన్ పట్టదు, పెన్సిల్ పట్టదు."

"పట్టనిత్తే గదా. గుంట సెయ్యి ముందుకొచ్చేలోపు నీ సెయ్యి ఉంతాది. సెప్పులు నువ్వే, ముద్ద నువ్వే, బొమ్మ నువ్వే. ఇక్కడ నానేటీ సెప్పలేదు. ఓ గుప్పెడు సేపలు పోసి, తిరగెయ్యే అన్నాను. అదే ఏసుకున్నాది."

"దానికి పేరు రావాలనే కదత్తా చేశాను. చీపురుపల్లి బళ్ళో ఎండుచేపల కొట్టు పిల్లనని నా బెంచీ మీద ఒక్కరూ కూర్చునేవారు కాదు. పదేళ్ళు చదివితే ఒక్కసారి స్టేజీ మీదికి పిలవలేదు నన్ను. నా పిల్లని పిలవాలనుకున్నాను. అది తప్పా?"

లక్ష్మణమ్మ కాస్త తగ్గింది. "నాకు తెల్దేటే? ఆ కొట్టు మా అన్నదే గదా," అంది. "పిలిసీవోళ్ళు గుంటనే పిలిసినారు. ఎల్లింది నువ్వు."

ఇంతలో అమ్మడు లేచింది. పిల్ల ఏడవలేదు, అలగలేదు. తను కూర్చున్న చోటు నుంచి పక్కకి జరిగి, అక్కడి ఇసుకని చేత్తో దులిపి తల్లిని పిలిచింది.

"కూకో అమ్మా. ఇప్పుడు నువ్వేసీ."

అనూరాధ అలాగే కూలబడిపోయింది. పిల్ల మారాం చేసినా, చేపలు తీసి విసిరినా ఆవిడ తట్టుకునేది. రోజూ జరిగేదే కదా అన్నట్టు తన బొమ్మని తల్లికి అప్పగించేసిందే, అది తట్టుకోలేకపోయింది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే చేపలంటిన చేతులతో తుడుచుకోలేక మొహం కొంగులో పెట్టుకుంది.

"ఇక్కడేముండేదమ్మా, నేను చెరిపేసిన చోట?"

"నువ్వు."

"నేనా?"

"నువ్వూ, సంచీ."

"మళ్ళీ వెయ్యవూ?"

అమ్మడు ఆలోచించింది. "తప్పొస్తే?"

"వస్తే రానీ."

"దిద్దవా?"

"దిద్దనమ్మా. ఒట్టు."

నమ్మకం లేక కాబోలు, అమ్మడు తల్లి చేతుల వంకే చూస్తూ నిలబడింది. అనూరాధ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. అప్పుడు గానీ పిల్ల చేప తియ్యలేదు.

నీళ్ళ వైపు వెతికి వెతికి యుగంధర్, ఆయన వెనక రూబీ మేడం దిబ్బ దిగి వచ్చారు. పిల్లని చూసి యుగంధర్ ఇసుకలో చతికిలబడ్డాడు. అమ్మడు ఒక్కో నెత్తల్ని ఏరి, సరిపోనిదాన్ని పక్కన పెట్టి, ఇంకోటి తీసుకోవడం రూబీ మేడం నిలబడి చాలాసేపు చూసింది.

"మేడం," అంది అనూరాధ తలెత్తకుండా. "ఆ ప్రైజులన్నీ నేను వేసినవే. అమ్మడువి కావు."

"తెలుసండీ. ఐదేళ్ళ పిల్ల పడవకి నీళ్ళలో నీడ వెయ్యదు."

"ఎవరికీ చెప్పలేదేం మీరు?"

"మీరే చెబుతారని," అంది రూబీ మేడం పక్కనే కూర్చుంటూ. "జూన్‌కి ఇంకా నాలుగు నెలలుంది. రోజుకో పని దాని చేత చేయించండి. చెడిపోతే చెడిపోనివ్వండి. అప్పుడు చూద్దాం. ఇవాళ చూసినదాన్ని బట్టి నాకు ధైర్యంగానే ఉంది."

"నెత్తళ్ళు బడికి అట్టుకెళ్ళనిత్తారేటి?" అని అడిగింది లక్ష్మణమ్మ. రూబీ మేడం చేతులు జోడించింది.

అమ్మడు ఎవరి మాటా వినడం లేదు. గుండ్రంగా తల పెట్టింది, గుండ్రం కుదరలేదు. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. పక్కన తలకంటే పెద్ద సంచి. అనూరాధకి తొడల కింద వేళ్ళు గుంజుతున్నాయి. ఆఖరికి పిల్ల ఒక చేపని రెండుగా తుంచి, మొహంలో ఒకదాని కింద ఒకటి ఎడంగా పెట్టి, పూర్తయిందన్నట్టు చేతులు దులుపుకుంది.

"అదేమిటే, నోరు అంత పెద్దగా తెరిచినట్టు పెట్టావు?"

"నువ్వు అరుస్తన్నావు కదా."

యుగంధర్ ముందు నవ్వాడు. లక్ష్మణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అనూరాధకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కింది ముక్కని కాస్త పైకి జరిపితే నోరు మూతపడుతుంది, నవ్వుతున్నట్టుంటుంది. కుడిచెయ్యి తొడ కింద నుంచి సగం బయటికి వచ్చింది. అమ్మడు దాన్ని చూసింది.

అనూరాధ చెయ్యి మళ్ళీ కింద పెట్టుకుంది.

"అలాగే ఉండనీ," అంది. "అలాగే ఉంటాను నేను."