కంటికి కనపడని వరుస

డిటెక్టివ్ తలుపు తీసేసరికి ఒక యువతి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వచ్చి కూర్చున్నాక కూడా మాటిమాటికీ వెనక్కి చూస్తోంది.

"మా మామగారికి చూపు లేదు సార్. పొద్దున మత్తుగా తూలి మెట్ల మీద పడ్డారు. కోడలే తిండిలో ఏదో కలుపుతోందని పోలీసులకు చెబుతానంటున్నారు. మా ఆయన కూడా నాతో మాట్లాడడం మానేశారు. నన్ను జైల్లో పెడతారా?"

డిటెక్టివ్ వెంటనే అసిస్టెంటుతో వాళ్లింటికి బయలుదేరాడు.

మామగారు తలకు కట్టుతో మంచం మీద ఉన్నారు. దిండు కింద రెండు మాత్రల అట్టలు. ఒకదానికి రబ్బరు బ్యాండు.

"ఇవి ఎవరి చేతికీ ఇవ్వను. బ్యాండున్నది నిద్రమాత్ర, లేనిది గుండెమాత్ర" అన్నారాయన. అసిస్టెంటు అట్టల మీద పేర్లు చదివాడు. నిజమే.

"ఏది ఎప్పుడు వేసుకోవాలో ఎవరు చెబుతారు?"

"ఆస్పత్రి వాళ్లు కొత్త వెబ్‌సైటు పెట్టారుగా! అందులో నా పేజీని ఫోనే చదివి వినిపిస్తుంది."

డిటెక్టివ్ ఆ పేజీని కోడలి చేత చదివించాడు.

"ఉదయం గుండెమాత్ర, రాత్రి నిద్రమాత్ర."

తర్వాత ఫోను చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పేజీని మొదటి నుంచి మళ్లీ విన్నాడు.

సాయంత్రం ఆ గదిలోకి ఆస్పత్రి డాక్టరునూ, సైటు తయారుచేసిన డిజైనరునూ పిలిపించారు. కోడలి భర్త గోడకానుకుని నిలబడ్డాడు.

"మీ ఇంటి గొడవలోకి నన్నెందుకు లాగడం? సైటు చూడండి, ఎంత ముచ్చటగా ఉందో!" అన్నాడు డిజైనరు.

"చూడొద్దు. వినండి" అన్నాడు డిటెక్టివ్.

ఫోను పలికింది. "నిద్రమాత్ర. ఉదయం. గుండెమాత్ర. రాత్రి."

కోడలి భర్త గోడను వదిలి ముందుకొచ్చాడు.

"తిండిలో ఎవరూ ఏమీ కలపలేదు. సైటు లోపలి కోడ్ పద్ధతి ప్రకారం రాసుంటే మందు, దాని వేళ ఒకే వరుసలో ఉండేవి. ఈ డిజైనరు ముక్కల్ని తోచిన వరుసలో రాసి, తెర మీద మాత్రం అటూ ఇటూ జరిపి అతికించాడు. కంటికి అంతా సరిగ్గానే ఉంది. ఫోను మాత్రం రాసిన వరుసలోనే చదివింది. అది విని పెద్దాయన పొద్దున నిద్రమాత్ర మింగారు."

"అందంగా ఉందని ఒప్పుకున్నా. లోపల కోడ్ ఎవరు చూస్తారులే అనుకున్నా" అన్నాడు డాక్టరు నీరసంగా.

"చూపు లేని పేషెంట్లు మీకింకా ఎంతమంది?" అడిగాడు డిటెక్టివ్.

డాక్టరు ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తాడు.

మామగారు గాలిలో చెయ్యి చాపి తడిమారు. "అమ్మాయ్... ఇప్పుడు ఏ మాత్రో నువ్వే చెప్పు."

ఆమె అట్ట అందుకుంది. పేరు పైకి చదివింది. నమ్మకం కుదరక మళ్లీ చదివింది.