నీలం దారం మీద గుండీ

పొద్దున్నే టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తూ కోడలు ముందుగదిలో ఆగింది. ఈమధ్య రోజూ అక్కడ కాళ్ళు వాటంతటవే ఆగిపోతున్నాయి. చూడకూడదనుకుంటూనే గోడకేసి చూస్తుంది. ఇవాళా చూసింది. గుండీ మళ్ళీ కదిలింది.

ఆ గోడ మీద వేలాడుతున్నది మామగారు కుట్టిన కాలువ పటం. ఆయన టైలరు. అచ్చు వేసిన పటాలు ఆయనకు ఆనేవి కావు. బూడిదరంగు కోటుగుడ్డ మీద, తమ ఇంటి వెనకనుంచి పారే కాలువనంతటినీ, నది దగ్గర మొదలైన చోటునుంచి సముద్రంలో కలిసే చోటుదాకా, లావాటి నీలం దారంతో స్వయంగా పరిచారు. పడవలు దాటడానికి తలుపులు పెట్టిన లాకు ఉన్న ప్రతిచోటా నీలం దారానికి అడ్డంగా సన్నటి తెల్లదారం ఒకటి, దానికి ఒక పక్క చెవిలా మెలిక మిగిలే ఒంటిచెవి జారుముడి. నీలం దారానికి గుచ్చిన కోటు గుండీ ముందుకు జరగాలంటే ఆ ముడి విప్పాలి. గుండీ దాటగానే మళ్ళీ వెయ్యాలి. నిజం లాకులకు కూడా అంతేగా, వెనక తలుపు తెరిచి వదిలేసి ముందుకు పోతే ఎవరూరుకుంటారు అనేవారు.

ఒకప్పుడు మనుషులు భుజానికి తాళ్ళు కట్టుకుని పడవలు లాక్కుపోయిన గట్టుదారి ఆ కాలువ పొడుగునా ఇంకా ఉంది. పడవలు పోయాయి, లాగేవాళ్ళూ పోయారు, దారి మిగిలింది. దాని వెంట సైకిలు మీద సముద్రందాకా వెళ్ళాలన్నది మామగారి కోరిక. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే పోయిన చలికాలంలో కుట్టుమిషను మీద తలవాల్చి అలాగే వెళ్ళిపోయారు. అప్పుడు గుండీ పటం మొదట్లో ఉంది. ఆయన పోయాక చాలా రోజులు అక్కడే ఉంది. ఇప్పుడది సముద్రానికి దగ్గర్లో ఉంది.

"ఎందాకా వెళ్ళారు?" అంది వెనకనుంచి అత్తగారి గొంతు.

కోడలు ఉలిక్కిపడింది. "ఎవరత్తయ్యా?"

"ఇంకెవరు, మీ మామయ్య! జంట లాకులు దాటేశారా?"

"దాటారు... అదే, గుండీ దాటింది."

"చూశావా, ఎంత తొందరో ఆయనకి. నాకు చెప్పకుండా బయల్దేరడమే కాకుండా, వెనక ఓ మనిషి వస్తుందన్న ధ్యాసైనా లేదు." అత్తగారు నవ్వింది. పెళ్ళైన కొత్తలో సినిమాకి ఆలస్యం చేసినందుకు మొగుణ్ణి దెప్పిన ఆడపిల్ల నవ్వులా ఉంది ఆ నవ్వు. అందుకే కోడలు పటానికి రెండడుగులు దూరంగా జరిగింది.

అరుగు మీద రెండు సైకిళ్ళు గోడకు ఆనించి ఉన్నాయి. పక్కన రెండు వానకోట్లు, రెండు నీళ్ళసీసాలు, రెండు కండువాలు. అత్తగారు వారంగా ప్రయాణం సర్దుతోంది. మొదటి రాత్రి ఏ లాకు దగ్గర ఆగాలి, గట్టు తెగిపోయిన చోట సైకిలు ఎలా దింపాలి, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. సామాను మాత్రం దేనికది రెండేసి.

"మామయ్య సైకిలుకి గాలెవరు కొట్టారత్తయ్యా?" అంది కోడలు, టైరు నొక్కి చూస్తూ. నిన్నటిదాకా మెత్తగా ఉన్న టైరు రాయిలా ఉంది.

"నేను కొట్టలేదమ్మాయ్," అంది అత్తగారు తాపీగా. "ఆయనకి టైరు మెత్తగా ఉంటే గిట్టదు."

కోడలిది కరెంటాఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం ఊరందరి తిట్లూ తిని చెక్కుచెదరని మనిషి. అటువంటిది ఆ రోజు టీలో పంచదార వెయ్యడం మర్చిపోయింది.

టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు ఆవిడ మొగుడు. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే పని అతనిది. ఎంత వంకర నోటికైనా సరిపోయే పళ్ళు చేస్తాడు గానీ, తండ్రి పోయాక తన నోటికి నవ్వన్నది సరిపోవడం లేదు. ఏడుపూ అంతే. తండ్రి పోయిననాడు వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, అన్నీ చక్కబెట్టాడు. కంట నీటిచుక్క రాలేదు. పిల్లాడు గుండె రాయి చేసుకున్నాడన్నారు అందరూ.

"అమ్మా," అన్నాడు కప్పు కిందపెట్టి. "సైకిళ్ళకి బేరం కుదిరింది. రేపు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తారు."

అత్తగారు వానకోటు మడత పెడుతున్నదల్లా ఆగింది. "ఎవరి సైకిలు?"

"రెండూ."

"ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలి? అరవై దాటిన మనిషివి, ఒంటరిగా గట్టు మీద పడి పోతానంటే చూస్తూ కూర్చోవాలా?"

"ఒంటరిగా ఎందుకురా? మీ నాన్న ముందు వెళ్తున్నారు. ఆయన సముద్రం చేరేలోపు నేను అందుకుంటే చాలు. ఇంకెంతో లేదు. ఆఖరి లాకొక్కటే మిగిలింది."

అతను ఒక్కసారిగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అందుకోవడమంటే ఏమిటమ్మా? పోయినవాళ్ళని అందుకోవడమంటే అర్థమేమిటి?" మొహం జేవురించింది. "ఆ గుండీ జరుపుతున్నది నువ్వు! నువ్వే జరిపి, నువ్వే నమ్మి, మమ్మల్ని కూడా నమ్మమంటున్నావు. ఆయన పోయారు. నువ్వూ ఆయన వెనకే పోతానంటే నేనేమైపోవాలి?"

అత్తగారు కొడుకు మొహంకేసి చాలాసేపు చూసింది. తర్వాత గోడ దగ్గరికి నడిచి, ఒక తెల్ల ముడి మీద వేళ్ళు పెట్టింది. కణుపులు వాచి, వంకర తిరిగిన వేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు కోట్లకు కాజాలు కుట్టి కుట్టి అలా బిగుసుకుపోయాయి. ఆ దారం చెవి పట్టుకోవాలని చూసింది, జారిపోయింది. మళ్ళీ చూసింది, మళ్ళీ జారింది. తన రవిక గుండీలే ఈమధ్య కోడలు పెట్టాల్సొస్తోంది.

"నేను జరపలేదురా," అంది మెల్లగా. "జరపలేను."

అతను సంచీ భుజాన వేసుకుని విసవిసా బయటికి నడిచాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

కిటికీ లోంచి కాలువ నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. రోజూ వినిపించేదే, ఇవాళ మాత్రం ఎవరో గదిలోనే గుసగుసలాడుతున్నట్టుంది. కోడలు మొండిధైర్యం తెచ్చుకుని పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది. ముడులన్నీ పరీక్షగా చూసింది.

"అత్తయ్యా, మామయ్య ముడి వేస్తే దాని చెవి ఎటుండేది?"

"కుడివైపు. ఎందుకూ?"

"మీ కళ్ళద్దాలు తెచ్చుకుని ఒకసారి చూడండి. గుండీ దాటిన ముడులన్నింటికీ చెవి ఎడమవైపుంది. ఇంకా దాటని ఆఖరి ముడి ఒక్కదానికే కుడివైపుంది."

అత్తగారు అద్దాలు పెట్టుకుని చూసింది. చూస్తూ చూస్తూ అక్కడే ఉన్న మిషను బల్ల మీద కూలబడింది.

"వాడిది ఎడమచేతివాటం," అంది చివరికి. "చిన్నప్పుడు రోజూ బడికెళ్ళేముందు తండ్రీకొడుకులు ఈ పటం దగ్గరే ఉండేవాళ్ళు. వీడు గుండీ జరపడం, ఆయన అక్కడేమున్నాయో కళ్ళకు కట్టినట్టు చెప్పడం. వీడు ముడి వేస్తే చెవి ఎడమవైపుకే వచ్చేది. 'ఏం పెద్దమనిషీ, మళ్ళీ తిరగేశావా?' అని ఆయన విప్పి మళ్ళీ వేసేవారు. ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదది." అద్దాలు తీసి, "నాలుగు రోజులు మొగుడు బతికొచ్చాడనుకున్నానమ్మాయ్," అని కళ్ళొత్తుకుంది.

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. మొగుడు రోజూ తెల్లవారుజామున లేచి వెళ్ళి వస్తున్నాడు. మంచినీళ్ళకనుకుంది. పొద్దున టీ ఇచ్చేటప్పుడు అతని అరచేతికి నల్లటి మసి ఉంటే, పళ్ళు చేసే ల్యాబులోదేమో అనుకుంది. గాలిపంపు పిడి నల్లగా ఉంటుంది.

"మీ అబ్బాయి కావాలనే చేస్తున్నారంటారా?"

"పొద్దున వాడి మొహం చూశావుగా. అది నటనా? వాడికి తెలీదు."

మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే అత్తాకోడళ్ళిద్దరూ ముందుగదిలో మూల కుర్చీల్లో కూర్చున్నారు. కాలువ మీద పొగమంచు పట్టి, కిటికీ తెల్లకాగితం అంటించినట్టుంది. ఎంతోసేపు కాలేదు. తలుపు తెరుచుకుంది.

అతను వచ్చాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ చూపు వాళ్ళ మీద ఆగలేదు, వాళ్ళలోంచి అవతలికి పోయింది. నేరుగా పటం దగ్గరికి నడిచి, బడికి తయారైన పిల్లాడిలా మునివేళ్ళ మీద లేచాడు. అంత పొడుగు మనిషికి మునివేళ్ళు ఎందుకు? ఒకప్పుడు అందేది కాదు. కోడలు అరవకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

అతని ఎడంచెయ్యి ఆఖరి ముడి మీదికి వెళ్ళింది.

అత్తగారు లేచి పక్కకు వెళ్ళింది. తట్టలేదు, లేపలేదు. "ఎందాకా వచ్చార్రా?" అంది, రోజూ అడిగే ప్రశ్నలాగే.

"సముద్రం కనిపిస్తోంది." అది అతని గొంతే, కానీ పలుకు ఏడేళ్ళ పిల్లాడిది. "నాన్న ముందు పోతున్నాడు. బెల్లు కొడుతున్నా వెనక్కి చూడట్లేదు."

"ఎందుకు చూడట్లేదు?"

"నేను రానన్నాగా. పోయినసారి రమ్మంటే, పనుంది, ఈ వయసులో ఈ పిచ్చేమిటి నాన్నా అన్నాగా. కోపమొచ్చింది." ముడి చెవిని వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "ఈ ముడి విప్పితే వెళ్ళిపోతాడమ్మా. విప్పకపోతే ఎలా అందుకోను?"

అత్తగారి కళ్ళు ధారగా కారుతున్నాయి. తన వంకర వేళ్ళతో కొడుకు చేతిని కప్పింది.

"విప్పకు నాన్నా. నువ్వే ఆగు. ఆయనకి నీ మీద కోపం లేదు. ఆరోజు నువ్వన్న మాట నాతో చెప్పి ఎంత నవ్వారో తెలుసా? 'పెద్దమనిషికి తీరిక చిక్కినప్పుడే వెళ్దాంలే, వాడు లేకపోతే ముడులు తిరగేసేదెవరు' అన్నారు. నువ్వు రాలేదని కాదురా ఆగింది. నువ్వు వచ్చేదాకా అని ఆగారు."

అతని చెయ్యి కిందికి జారింది. రెప్పలు కొట్టుకున్నాయి. తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, ఎదురుగా పటాన్ని, తన ఎడంచేతిని చూసుకున్నాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం నిలబడలేకపోయాడు. తండ్రి మిషను కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చాడు. తల్లి అతని తలమీద చెయ్యి వేసి ఊరుకుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.

సైకిళ్ళ కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి ఆ ఏడుపు విని ఖంగుతిన్నాడు. కోడలు బయటికి వెళ్ళి, "అమ్మడం లేదండీ. వాటి మీద మనుషులు వెళ్తున్నారు," అని చెప్పి పంపేసింది.

ఆ తర్వాత ఇంట్లో ప్రయాణం సన్నాహాలు నిజంగా మొదలయ్యాయి. అతను సెలవు పెట్టాడు. తండ్రి సైకిలు సీటు నాలుగు వేళ్ళు ఎత్తు చేశాడు. రెండో వానకోటు తొడుక్కుని చూస్తే చేతులు కురచయ్యాయి. "మీ నాన్న కొలతలకి ఎప్పుడో కుట్టాను మరి," అని తల్లి అంటే చాలా రోజుల తర్వాత నవ్వాడు. కోడలు బస్సులో వచ్చి సముద్రం దగ్గర కలుసుకునేట్టు మాట్లాడుకున్నారు. "మీ ఇద్దరూ పోట్లాడుకుంటూ వచ్చేసరికి నాకు అక్కడ వేళ్ళూనుకుంటాయేమో," అంది ఆవిడ. పిల్లల నిద్ర నిద్రపోతున్నాడు అతను. తెల్లవారుజామున లేవడమన్నది లేదు. అయినా కోడలు జాగ్రత్తగా తన కొంగు అతని మణికట్టుకు కట్టుకుని పడుకునేది. పొద్దున లేచి చూస్తే ఆ ముడి ముడిలాగే ఉండేది. గుండీ కూడా ఆఖరి లాకు దగ్గరే ఆగి ఉండేది.

బయల్దేరే రోజు పొద్దున్నే ముగ్గురూ ముందుగదిలోకి వచ్చారు. కోడలు దీపం వేసింది. వేసి, చెయ్యి స్విచ్చి మీదే ఉంచేసింది.

గుండీ పటం మొదట్లో ఉంది. నది దగ్గర, కాలువ పుట్టేచోట, ఆయన పోయిననాడు ఎక్కడుందో సరిగ్గా అక్కడే. మధ్యలో లాకులన్నీ బుద్ధిగా మూసి ఉన్నాయి.

అతను దగ్గరికి వెళ్ళి ఒక్కో ముడినీ వేలితో తాకుతూ సముద్రందాకా వెళ్ళాడు. తర్వాత తన ఎడంచేతిని చూసుకున్నాడు. కోడలు తల అడ్డంగా ఊపింది, నేను కాదన్నట్టు. అత్తగారు తన వంకర వేళ్ళను చూసుకుంది.

ప్రతి ముడికీ చెవి కుడివైపుంది.

"చూశావురా," అంది తల్లి, కొడుకు చెయ్యి పట్టుకుని. "వెనక్కొచ్చారు. పద, ఎదురుచూస్తుంటారు."