ఫ్రిజ్‌లో కొలంబైన్ విత్తనాలు

వారమంతా మందుల షాపులో నిలబడే మనిషికి ఇంటి పనులన్నీ ఆదివారమే గుర్తొస్తాయి. ఆ ఆదివారం కోడలు పొద్దున్నే నడుం బిగించి ఫ్రిజ్ ఖాళీ చేసింది. కింది అరలో సీసాల వెనక ఒక చిన్న డబ్బా కనిపించింది. మూత తీస్తే తడి కాగితం, దాని నిండా బూజు. ముక్కు మూసుకుని చెత్తలో పడేసింది. చెత్తబండి వచ్చింది, వెళ్ళింది.

పది గంటలకు మామగారు ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయారు.

"ఇక్కడి డబ్బా ఏదమ్మా?"

"బూజు పట్టింది మామయ్యగారూ, పారేశాను."

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "అవి మీ అత్తయ్య కొలంబైన్ విత్తనాలు."

అత్తగారు పోయి మూడు నెలలు. పెరట్లో ఆవిడ మడిలో నలుపుకు దగ్గరైన ఊదా రంగు కొలంబైన్ పూలు తల వంచుకుని పూసేవి. ఆ మొక్కలు మూడు నాలుగేళ్ళకు మించి బతకవు. పాతవన్నీ ఈ ఏడే ఎండిపోయాయి. చలి తగిలితే గాని ఆ విత్తనం మొలవదని ఆవిడ ఏటా తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేవారు. ఈసారి మంచాన పడ్డారు కదా, ఎవరు పెడతారులే అనుకుంది కోడలు.

"ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? అక్కర్లేదనుకున్నవన్నీ పారేయడమేనా? రేపు నన్నూ ఆ బండెక్కించు!"

"నాన్నా, చిన్న డబ్బాకి..." అంటూ కొడుకు గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వు నోర్మూసుకో!"

కోడలికి ఒళ్ళు మండింది. "విత్తనాలున్నాయని నాకొక్క ముక్క చెప్పారా? ఎనిమిది నెలలు ఆవిడకి ఒళ్ళు తుడిచాను, పక్కలు మార్చాను. ఆ పనికి పనికొచ్చాను, ఆ మడి దగ్గరికి మాత్రం పనికిరాలేదు!"

మామగారు కుర్చీలో కూలబడ్డారు. నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి, నిమిషం అటూ ఇటూ అయితే ఊరుకునేవారు కాదు.

"మంచంలోంచే మీ అత్తయ్య నాచేత ఫ్రిజ్‌లో పెట్టించి, ఆరు వారాలయ్యాక తీసి చల్లమంది. మట్టి కప్పొద్దు, వెలుతురు తగలాలి, పైపైన చల్లి ఊరుకోండి అంది. తేదీ కూడా రాసుకున్నాను. ఆ రోజు మడి దాకా వెళ్ళాను. చల్లేస్తే ఆవిడ చెప్పిన ఆఖరి పని కూడా అయిపోతుంది కదమ్మా! రేపు చల్లుదాం లే అనుకున్నాను. రేపు, రేపు అంటూ..."

"మామయ్యగారూ..."

"బూజు నేనూ చూశాను. పదిరోజులయింది. కుళ్ళిపోయాయని తెలిసే మళ్ళీ మూత పెట్టి లోపల దాచాను. చంపింది నేను, తిట్టింది నిన్ను."

వేరే విత్తనాలు తెచ్చుకుందాం అనబోయి కోడలు మాట మింగేసింది. ఆ ఊదా రంగు ఏ షాపులోనూ దొరకదని ఆమెకూ తెలుసు. వచ్చి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"నాతో చెబితే నేను చల్లేదాన్ని కదండీ. నన్ను ఎప్పుడూ పరాయిదానిలాగే చూశారావిడ."

"అలా అనకమ్మా. నీకే చెబుదామన్నాను నేను. 'వద్దండీ, నా ఒక్కదానితోనే ఆ పిల్ల నలిగిపోతోంది, ఇది కూడా దాని నెత్తిన పెట్టకండి' అంది."

అత్తగారు పోయిన రోజు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళందించడంతోనే సరిపోయింది కోడలికి. ఏడవడానికి తీరిక చిక్కలేదు. ఇప్పుడు మామగారి మోకాళ్ళ మీద తల పెట్టి ఘొల్లుమంది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి తనూ ఏడ్చారు.