పాట లేకుండా ఆడిన లైట్లు

సింగపూర్‌లో, యీషున్ పేటలో ఒక అపార్టుమెంటు బ్లాకు తొమ్మిదో అంతస్తు వరండా చివర ఒక ఫ్లాటు ఉంది. దానికి పేరు మంచిది కాదు. భోజనం పార్సిళ్లు తెచ్చేవాళ్లు లిఫ్టు దగ్గరే సంచులు దించి, ఫోను కొట్టి, వెనక్కి చూడకుండా పోతారట. కొన్నవాళ్లెవరో పాలు పొంగించి వెళ్లారు, కాపురానికి మాత్రం రాలేదు. లోపల మనిషి లేడు. అయినా సంజెవేళ తలుపు కింద సన్నటి వెలుగు... ఎవరో ఆడమనిషి మూలుగు.

ఈ సంగతి నాకు నా స్నేహితురాలు నిఖిల చెప్పింది. నేనుండేది అక్కడికి దూరంగా సెంగ్‌కాంగ్‌లో కాబట్టి ధైర్యంగా నవ్వాను. తనుండేది ఆ ఫ్లాటు పక్కనే కాబట్టి నవ్వలేదు.

నిఖిల కూతురు కీర్తికకు టాంపినీస్ నుంచి ఇక్కడికి ఇల్లు మారాక కొత్త బడిలో ఒక్క స్నేహితురాలూ కుదరలేదు. చివరికి తెగించి క్లాసులో చెప్పేసింది. హాలోవీన్‌కి మా ఇంటికి రండి, మా డాడీ పాటకి లైట్లతో డాన్సు చేయిస్తారు అని. ఆ డాడీకి, అంటే అభిరామ్‌కి, ఈ మాట తర్వాత తెలిసింది.

బ్యాంకులో కంప్యూటర్లు చూసే మనిషి కదా, పంతానికి పోయాడు. దీపావళికని కొన్న సీరియల్ సెట్లన్నీ రెయిలింగుకి చుట్టాడు. అట్టతో అస్థిపంజరాలు కోసి కళ్లల్లో బల్బులు పెట్టాడు. పాటకో స్పీకరు, ఒక చిన్న మైకు, దానికో సర్క్యూటు. మైకు ఎంత వింటే లైట్లు అంత ఎగరాలి. మనుషుల మాటలకు కూడా ఎగురుతున్నాయని, ఆ మైకుని అందరికీ దూరంగా, వరండా చివర ఖాళీ ఫ్లాటు కిటికీ గ్రిల్‌కి కట్టాడు. పట్టపగలే కట్టాడు లెండి.

కాకినాడ నుంచి వచ్చిన అతని అత్తగారు, అంటే నిఖిల వాళ్లమ్మ, తారాదేవికి ఇదేమీ నచ్చలేదు. "దీపావళి దీపాలు దెయ్యాలకి పెడతారా బాబూ?" అన్నారు.

"అత్తయ్యగారూ, మీటింగులో ఉన్నాను" అన్నాడు అభిరామ్.

ఇంటి నుంచే ఆఫీసు పని. మిక్సీ వేసినా, ఆవిడ కూనిరాగం తీసినా అదే మాట. ఆవిడ నోరు మూసుకుని, రోజూలాగే వాకింగుకని వెళ్లిపోయేవారు. హాలోవీన్ సాయంత్రమూ అలాగే వెళ్లారు.

చీకటి పడుతుండగా లిఫ్టు తెరుచుకుంది. మాస్కులూ టోపీలూ పెట్టుకుని పిల్లలు దిగారు. వరండా చివరికి చూశారు... అక్కడే ఆగిపోయారు.

"దట్ హాంటెడ్ ఫ్లాట్ ఆ? కాంట్ లా" అంది ఒక పిల్ల, నా వల్ల కాదన్నట్టు లిఫ్టు బటన్ మీద వేలు పెట్టి.

కీర్తిక తండ్రి వంక చూసింది. అభిరామ్ గబగబా స్పీకరు నొక్కాడు. పలకలేదు. మళ్లీ నొక్కాడు. మధ్యాహ్నం వానకి వరండాలోకి జల్లు కొట్టి, స్పీకరు తడిసి చచ్చింది. కీర్తిక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక బడిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో ఆ పిల్లకి తెలియలేదు.

అప్పుడు —

అస్థిపంజరం కళ్లు వెలిగాయి. ఆరాయి. రెయిలింగు మీద ఎర్రలైట్లు నెమ్మదిగా పాకాయి... ఆగాయి... మళ్లీ పాకాయి. పాట లేదు. లైట్లు మాత్రం తాళం తప్పకుండా ఊగుతున్నాయి.

"డాడీ... ఎవరు పాడుతున్నారు?" అంది కీర్తిక గుసగుసగా.

అభిరామ్ వరండా చివరికి చూశాడు. తన సర్క్యూటు తనకు తెలుసు. వినకుండా వెలగదు. మైకు ఏదో వింటోంది... మైకు ఉన్నది ఆ కిటికీకి. దెయ్యాల్లేవని ఆఫీసులో ఉపన్యాసాలిచ్చే మనిషి, నెమ్మదిగా భార్య వెనక్కి జరిగాడు. ఈ ముక్క మాత్రం నిఖిల నాకు రెండుసార్లు చెప్పింది.

లైట్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. లోపలి గొంతు పెరిగింది. ఇప్పుడు అందరికీ వినిపించింది. సాగదీసిన రాగం... గడియ కదిలింది... తలుపు తెరుచుకుంది —

తెల్లచీర. తెల్లజుట్టు. చేతిలో దీపం.

పిల్లలు కెవ్వుమన్నారు.

"అమ్మమ్మా?" అంది కీర్తిక.

తారాదేవి మొహం దొరికిపోయిన దొంగ మొహంలా ఉంది. "పాలు పొంగించిన ఇల్లు చీకట్లో ఉండకూడదమ్మా" అన్నారు మెల్లగా. "ఈ ఇల్లు కొన్నది శాంతిని అనే అమ్మాయి, మలేషియా జొహోర్ నుంచి వచ్చిన మన తెలుగుపిల్లే. లోపల పనులు తెమిలేదాకా సంజెదీపం పెట్టమని నాకు తాళంచెవి ఇచ్చింది."

"దీపం పెట్టడానికి రోజూ ఇంతసేపా అమ్మా?" అంది నిఖిల.

ఆవిడ అల్లుడి వైపు చూడకుండా అన్నారు. "ఇక్కడ మీటింగులుండవు కదే. కాసేపు పాడుకుంటున్నాను."

అభిరామ్ తలెత్తలేకపోయాడు. బ్లాకు బ్లాకంతా జడుసుకున్న దెయ్యాన్ని తయారుచేసింది తనేనని అర్థమైంది. నిజంగానే సిగ్గుపడ్డాడు.

లిఫ్టు బటన్ మీది వేలు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. "కీర్తికా, యువర్ గ్రాండ్‌మా మేక్ ద లైట్స్ డాన్స్ ఆ?" అంది ఇందాకటి పిల్ల. "ఆంటీ, వన్స్ మోర్, కెన్?"

కీర్తిక కళ్లు తుడుచుకుని ఆ గడప ముందే చతికిలబడింది. ఆమెకి అటొకరూ ఇటొకరూ ఆనుకుని కూర్చున్నారు.

అభిరామ్ గ్రిల్‌కున్న మైకు విప్పి, తెచ్చి అత్తగారి ముందు పట్టుకున్నాడు. "పాడండి అత్తయ్యగారూ" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశారు.

"గట్టిగానా?" అని అడిగారు.