జరగని సెమీఫైనల్

"మల్లన్న మైదానం అంటే నువ్వేనా అన్నా?"

కార్గో షెడ్డు వెనక చాయ్ బండి దగ్గర సమోసా తింటున్న మల్లేశ్వర్ తిరిగి చూశాడు. ఎయిర్‌పోర్ట్ యూనిఫామ్‌లో ఒక అమ్మాయి. పొడుగ్గా ఉంది. పెద్ద కళ్లు. ఆ కళ్లనిండా కోపం. కోపం సంగతి మాత్రం అతను కాస్త ఆలస్యంగా గమనించాడు.

మల్లేశ్వర్ కార్గోలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. సెలవు దొరికితే చాలు, శంషాబాద్ చుట్టుపక్కల ఎక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినా ఫోన్ పట్టుకొని పోతాడు. గొంతు పోయేదాకా కామెంటరీ చెప్పి యూట్యూబ్‌లో పెడతాడు. ఆ చానల్ పేరే మల్లన్న మైదానం. తనను వెతుక్కుంటూ ఒక అభిమాని రావడం ఇదే మొదటిసారి.

జుట్టు సర్దుకున్నాడు. "నేనే. సెల్ఫీ గావాల్నా?"

"సెల్ఫీ గాదు. గా లీగ్ మీద పెట్టిన వీడియో తీసెయ్యాలె. ఇప్పుడే, నా ముంగటనే."

అప్పుడు గుర్తుపట్టాడు. సమోసా గొంతుకు అడ్డం పడింది. జూలీ! కందుకూరు టీము గోల్‌కీపర్!

నిరుడు ఎయిర్‌పోర్ట్ రోడ్డు మహిళల లీగ్‌లో ఎనిమిది టీములు ఆడాయి. మొదటి రెండు స్థానాల వాళ్లకే ఫైనల్, మిగిలిన వాళ్లు ఇంటికే. ఆఖరి మ్యాచ్‌లో శంషాబాద్‌కు డ్రా చాలు. కందుకూరు మాత్రం గెలిచి తీరాలి. ఆట అయిపోవస్తుండగా కందుకూరుకు ఒక కార్నర్ దొరికింది. గోల్ దగ్గర ఉండాల్సిన జూలీ దాన్ని వదిలేసి మైదానం ఆ చివరికి పరుగెత్తింది. బంతి శంషాబాద్ వాళ్ల కాలికి చిక్కింది. వాళ్లు అక్కడి నుంచే గట్టిగా తన్నారు. అది తీరిగ్గా దొర్లుకుంటూ పోయి, ఖాళీ గోల్‌లో పడింది. కందుకూరు మూడో స్థానంలో ఆగిపోయింది.

ఈ ఏడు లీగ్ కమిటీ ఫార్మాట్ మార్చింది. ఇక నుంచి నాలుగు టీములకు సెమీఫైనల్ ఉంటుంది. ఆ వార్త చదవగానే మల్లేశ్వర్ బుర్రలో పురుగు తొలిచింది. ఇదే రూలు నిరుడే ఉండి ఉంటే? సెమీస్‌లో రెండో స్థానం వాళ్లతో మూడో స్థానం వాళ్లు ఆడాలి కాబట్టి శంషాబాద్, కందుకూరు మళ్లీ ఢీకొనేవి. "ఢీకొన్నా కందుకూరు ఓడేదే" అని తనే తీర్పు చెప్పేసి, ఆ ఖాళీ గోల్ క్లిప్పుకు 'గోల్‌కీపర్ ఏడికి పోయింది?' అని పేరు పెట్టి, వెనక నవ్వుల సౌండు కలిపాడు.

"ఎయిర్‌పోర్టుల నాది వీల్‌చైర్ డ్యూటీ," అంది జూలీ. "నిన్న ఒక పెద్దాయనను కూసోబెట్టి తోల్కపోతున్న. ఆయన నా మొఖం సూసి, 'గోల్ ఇడిసిపెట్టి ఉరికింది నువ్వే గదా బిడ్డా, నన్ను గూడ నడుమిట్ల ఇడిసిపెడతవా ఏంది?' అన్నడు!"

మల్లేశ్వర్ పెదవి కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది. నవ్వు బయటికొచ్చేసింది.

"నవ్వు, నవ్వు. అసలు నీ వీడియోనే తప్పు."

"క్లిప్పు పెట్టుడు తప్పే, ఒప్పుకుంటున్న. గని నేను చెప్పిన దాంట్ల తప్పేముంది?"

"నిరుడు నాలుగు టీములు పోతయంటే, ఆ దినం మేం గెలిస్తేంది, ఓడితేంది? ఎట్లయినా సెమీస్ ఆడుతుంటిమి. మరి నేను గోల్ ఇడిసిపెట్టి ఎందుకు ఉరుకుత? ఆ గోల్ పడకనే పోతుండె. రూలు మారితే తర్వాతి మ్యాచులే గాదు, ముందటి మ్యాచులు గూడ మారుతయి. నువ్వేమో పాత ఆటను గట్లనే ఉంచి, దాని తోకకు కొత్త సెమీస్ కట్టినవ్."

మల్లేశ్వర్ సమోసా పక్కన పెట్టేశాడు. నిజమే! ఇన్నాళ్లుగా ఫుట్‌బాల్ గురించి ఇంత మాట్లాడుతున్నాడు, ఈ సంగతి ఎలా తట్టలేదు?

ఫోన్ తీసి, ఆమె చూస్తుండగానే వీడియో తీసేశాడు.

"సారీ," అన్నాడు. "ఇంకోటి అడగాల్నా? ఆ మ్యాచ్ డ్రా అయితే, సెమీస్‌ల ఏమయితుండె అంటవ్?"

వెళ్లబోతున్న జూలీ ఆగింది. ఇంతవరకూ ఎవరూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు.

"ఏమో," అంది మెల్లగా. "జర ఆలోచించాలె."

ఆ ఆలోచన ఒక్క రోజులో తేలేదా? మర్నాడు చాయ్ బండి దగ్గరికి ఆమే వచ్చింది. ఆ మర్నాడు అతను ముందే వచ్చి కూర్చున్నాడు. నిరుడు శంషాబాద్ డిఫెన్స్‌లో ఎవరి కాలు నొప్పిగా ఉండింది, గాలి ఎటు వీచింది, సెమీస్ ఉందని తెలిస్తే నాలుగో టీము అంత తొందరగా చేతులెత్తేసేదా... మాటలకు అంతే లేదు. సమోసాలు గ్లాసుల మధ్య టీములై నిలబడేవి. వాదనలో గెలిచినవాళ్లు ఓడిన టీమును తినేసేవారు.

ఎప్పుడు మానేసిందో తెలియదు గానీ, ఆమె 'అన్నా' అనడం మానేసింది. మల్లేశ్వర్ అది గమనించాడు. గమనించినట్టు పైకి కనిపిస్తే మళ్లీ మొదలుపెడుతుందేమోనని ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ రేకుల కింద ఇరుక్కున్నారు. జల్లు కొడుతున్న వైపు తను నిలబడి మల్లేశ్వర్ అడిగాడు.

"నిజం చెప్పు. ఆ దినం ఉరకమని ఎవరు చెప్పిండ్రు? కోచా?"

"ఎవ్వరు చెప్పలే." జూలీ వానలోకి చూస్తూ అంది. "చిన్నప్పటి సంది గోల్‌ల నిలబడుతున్న. వేరేటోళ్లు గోల్ కొట్టి ఉరుకుతుంటె, అందరు పోయి వాళ్లను పట్టుకుంటరు. నేను గింత దూరంల ఒక్కదాన్నే చప్పట్లు కొడుత. ఆ దినం నాకు గూడ ఒక్కసారి కొట్టాలనిపించింది. గంతే."

"గట్లయితే రూలు ఏదైనా నువ్వు ఉరుకుతుంటివే!"

ఆమె ఉలిక్కిపడి అతని వైపు చూసింది. తర్వాత ఒప్పుకుంటున్నట్టు చిన్నగా నవ్వింది. "ఏమో. ఉరుకుతుంటినేమో. గని దాంతోనే నా ఆట ఖతమయింది. మా కెప్టెన్ సరితక్క నాతోని మాట్లాడుతలేదు. నేనే మానేసిన. ఈ ఏడు పేరు గూడ ఇయ్యలే."

నవ్వు పోయింది. ఆమె ముఖంలో అతనెప్పుడూ చూడని దిగులు కనిపించింది. ఆ రాత్రి మల్లేశ్వర్‌కు అన్నం సహించలేదు. 'ఏందిరా, పరేషాన్‌గ ఉన్నవ్?' అని తల్లి సత్తెమ్మ అడిగింది. అతను చెప్పాడు. ఫుట్‌బాల్ సంగతితో మొదలుపెట్టి, ఎక్కడో దారి తప్పి, మొత్తం చెప్పేశాడు.

ఆ వారమే అతను బుద్వేల్ వెళ్లాడు. సరిత పుట్టిల్లు కందుకూరు, అత్తగారిల్లు బుద్వేల్. ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు. మిషన్ ఆపకుండానే మాట్లాడింది.

"నిరుడు సెమీస్ ఉంటే ఏమయితుండెనా? అది నాకెందుకు తమ్మీ. మా గోల్‌కీపర్‌ను అడుగు. నాతోనైతే మాట్లాడదు."

"మీరే మాట్లాడతలేరని ఆమె అంటుంది అక్కా!"

మిషన్ ఆగింది. "నేనా? మ్యాచ్ అయిన తెల్లారి ఫోన్ చేస్తే ఎత్తలే. ఇంటికి పోతే, పండుకుందని వాళ్ల బాపుతోని చెప్పిచ్చింది. ఓడినందుకు నాకు కోపమేంది? నేను ఎన్ని గోల్స్ మిస్ చెయ్యలే! చెప్పకుండ ఆట ఇడిసిపెట్టింది సూడు, గదీ నా కోపం."

మల్లేశ్వర్ వెంటనే జూలీకి ఫోన్ కలిపి సరిత చేతిలో పెట్టాడు.

"ఏమే," అంది సరిత. మరుక్షణం ఇద్దరూ ఒకేసారి తిట్టుకోవడం మొదలుపెట్టారు. మల్లేశ్వర్ బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి తిట్లు తగ్గి, నవ్వులు వినిపించాయి.

మర్నాడు చాయ్ బండి దగ్గర జూలీ నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది. "బుద్వేల్ పొమ్మని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. నాకే పోవాలనిపించింది."

ఆమె తన గ్లాసులోని చాయ్ సగం అతని గ్లాసులో పోసింది.

ఆ జరగని సెమీఫైనల్‌ను ఇప్పుడు ఆడేద్దామన్న ఆలోచన సరితది. లీగ్ ఇంకా మొదలు కాలేదు. శంషాబాద్ అమ్మాయిలను అడిగితే, "మేం గూడ ఆ గోల్ మీద గెలిచినమంటే అందరు నవ్వుతున్నరు అక్కా, ఆడుదాం పా" అన్నారు.

ఆదివారం, జూలీ వాళ్ల చర్చిలో ప్రార్థన అయ్యాక ఆట. మేఘాలు కమ్ముకొని ఉన్నాయి. ఈసారి ఫోన్ స్టాండుకు తగిలించి, మల్లేశ్వర్ కామెంటరీ అందుకున్నాడు. పక్కనే తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"ఆహా, పట్టింది సూడుండ్రి బంతిని! చేతులా అవి, గమ్ డబ్బాలా! ఏం గోల్‌కీపర్ అన్నా, ఏం గోల్‌కీపర్!"

కాసేపు విన్నాక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, మైదానంల ఇరవై రెండు మంది ఉన్నరు. నీకు ఆ ఒక్క పిల్లే కనవడుతుందా?"

"మంచిగ ఆడుతుంది కద అంకుల్."

"ఆడుతుంది. నా బిడ్డనే."

మల్లేశ్వర్ కామెంటరీ గబుక్కున సరిత మీదికి మళ్లింది. ఆయన జ్ఞానదాసు. కందుకూరులో చామంతి తోట వేసే రైతు.

సరిత ఒక గోల్ కొట్టింది. శంషాబాద్ దాన్ని సమం చేసింది. వాన మొదలైంది. ఆట చివరికొచ్చాక, చెప్పి చేయించినట్టు కందుకూరుకు కార్నర్ దొరికింది. మైదానం చుట్టూ ఉన్నవాళ్లందరూ బంతిని వదిలేసి జూలీ వైపు చూశారు. ఆమె ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక్కి వెళ్లి తన గోల్ మధ్యలో నిలబడింది.

కార్నర్ వృథా అయింది. శంషాబాద్ అమ్మాయిలు పాస్ మీద పాస్ ఇచ్చుకుంటూ దూసుకొచ్చారు. జూలీ బురదలో పూర్తిగా సాగి దూకింది. బంతి ఆమె వేళ్లను రాసుకుంటూ లోపలికి వెళ్లింది.

విజిల్.

జూలీ బురదలోనే కూర్చుంది, తల వంచుకొని. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకొని అతను పరుగెత్తాడు. అప్పటికే సరిత చేరుకుంది. చూస్తే జూలీ కడుపు పట్టుకొని నవ్వుతోంది.

"ఉరికితే ఓడినం, ఉరకకున్నా ఓడినం! ఏడాది పొడుగూత ఉత్తగనే ఏడ్చిన గదా అక్కా!"

సరిత ఆమె మీద పడిపోయింది. మిగతా అమ్మాయిలు వచ్చి వాళ్ల మీద పడ్డారు. మల్లేశ్వర్ కొంచెం దూరంలో నిలబడి ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

వాన పెద్దదయ్యాక, బండ్లు పెట్టే షెడ్డు కింద జూలీ గ్లౌజులు పిండుకుంటోంది. మల్లేశ్వర్ వచ్చాడు.

"ఒక్క మ్యాచ్‌తోని ఏం తెల్వదు. నిరుడు వాన లేకుండె. నిరుడు గ్రౌండ్ గూడ..."

"ఇగ ఇడిసిపెట్టు మల్లేశ్. నిరుడు సెమీస్ ఉండి మేం గెలిచి ఉంటే, నువ్వు గా వీడియో పెట్టకపోతుంటివి. నేను నీతోని కొట్లాటకు రాకపోతుంటి." ఆమె గ్లౌజుల మీది నుంచి చూపు ఎత్తలేదు. "అంటే మనం కలవకనే పోతుంటిమి."

మల్లేశ్వర్ జేబులోని ఫోన్ ఆపేశాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం జూలీ."

"కామెంటరీనా?"

"నిజం. ఫోన్ గూడ బంద్ ఉంది."

తడిసిన రెప్పల కింది నుంచి ఆమె ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు వాన చప్పుడు కూడా వినిపించలేదతనికి. "బాపు గాడనే ఉన్నడు. నాతోని కాదు, పోయి ఆయనతోని చెప్పు."

గొడుగు కింద నిలబడ్డ జ్ఞానదాసు అంతా విన్నాడు.

"మేం చర్చికి పోయేటోళ్లం. మీ ఇంట్ల ఒప్పుకుంటరా బాబూ?"

"మా అమ్మకు చెప్పిన అంకుల్. 'దాందేముందిరా, ఇగ క్రిస్మస్ గూడ మనదే అనుకుందాం' అన్నది."

"ఎప్పుడు చెప్పినవ్?"

"పోయిన నెల."

వెనక నుంచి జూలీ కేక వినిపించింది. "ఏందీ? నాకు చెప్పకముందే మీ అమ్మకు చెప్పినవా?"

జ్ఞానదాసు నవ్వాపుకోలేకపోయాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

"నా మీదనే కామెంటరీ చెప్పిండంటివి గదా బాపూ, ముందు మిగతా ఇరవై ఒక్క మంది పేర్లు నేర్చుకొమ్మను," అని, ముఖం కనబడకుండా గొడుగు లాక్కొని వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం మల్లేశ్వర్ పెళ్లి మాటలకు తల్లిని బండి మీద కందుకూరుకు తీసుకెళ్లాడు. సత్తెమ్మ గడప తొక్కక ముందే చామంతి తోటలోకి దిగింది. ఆకు తిప్పి చూసి, "అన్నా, పేనుబంక పట్టింది గదా, ఏం కొడుతున్నవ్?" అంది. "ఏం కొట్టినా పోతలేదు చెల్లే," అన్నాడు జ్ఞానదాసు. వేపనూనె గురించి మొదలైన ముచ్చట పశువుల ఎరువు మీదికి, అక్కడి నుంచి బోరుబావి మీదికి పోయింది. ఇద్దరూ సాళ్ల వెంట నడుచుకుంటూ తోట ఆ చివరికి చేరారు. ఇంట్లో కొత్త చొక్కా వేసుకొని కూర్చున్న మల్లేశ్వర్‌ను పలకరించే దిక్కు లేదు.

ఇక లాభం లేదనుకొని జూలీయే గట్టు మీదికొచ్చి, నోటి దగ్గర చేతులు పెట్టి కేకేసింది.

"అత్తా! బాపూ! వచ్చిన పని మర్చిపోయిండ్రా ఏంది?"