సొరంగంలో ఆగిపోయే పసుపు పెట్టె

“చెప్పులు బయటే విప్పండి. మెట్ల మీద ధబధబ నడవకండి. అడక్కుండా దేన్నీ ముట్టుకోకండి.”

తలుపు తీసిన అమ్మాయి పలకరింపుగా చెప్పిన మాటలివి. వానలో నిలువెల్లా తడిసి, పనిముట్ల పెట్టె పొట్టకు హత్తుకుని నిలబడిన వాచీ మెకానిక్‌కు ఒళ్ళు మండింది.

“ఊపిరి పీల్చుకోవచ్చా, దానికీ పర్మిషన్ కావాలా?”

“పీల్చుకోండి. వదిలేటప్పుడు మాత్రం మెల్లగా. ఇంజన్ పట్టాలు తప్పుతుంది.”

నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు. నిద్ర సరిపోని కళ్ళు. అయినా ఆ కళ్ళు ఒక్కసారి తనవైపు తిరగ్గానే చొక్కా తడి సంగతి మరిచిపోయాడు.

“భూతద్దం వచ్చాడా?” లోపలి గదిలోంచి ఆమె మేనత్త కేక వేసింది. బజారులో అతనికి ఆ పేరే ఖాయమైపోయింది. పనున్నా లేకున్నా కంటి అద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని తిరిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు? “పైకి తీసుకెళ్ళవే. నా మోకాళ్ళు మెట్లెక్కి ఎనిమిది నెలలైంది.”

మేడ మీద గది నిండా ఒకటే బల్ల. దాని మీద పట్టాలు, అగ్గిపుల్లంత సిగ్నల్ స్తంభాలు, అరచేతిలో ఇమిడే స్టేషను. గోడవారగా ప్లాస్టర్‌తో చేసిన కొండ, అందులో సొరంగం. ఆ కొండకు ఆనుకుని తాళం వేసిన చెక్క బీరువా. ఎనిమిది నెలల క్రితం ఆ అమ్మాయి నాన్న ఈ గదిలోనే, ఆ కుర్చీలోనే, చేతిలో స్క్రూడ్రైవరుతో కన్నుమూశాడు.

“లెక్కపెట్టండి,” అని ఆమె స్విచ్చు వేసింది.

ఇంజను వెనక ఏడు పెట్టెలు. చివరిది పసుపుది, దాని కిటికీలో గోరంత ఆడపిల్ల బొమ్మ. బండి బుద్ధిగా ఒక చుట్టు తిరిగి సొరంగంలో దూరింది. అవతలి నోట్లోంచి వచ్చింది. మెకానిక్ లెక్కపెట్టాడు. ఆరు.

వెంటనే కొండ కడుపులోంచి చప్పుడు. టక్. టక్. టక్.

అతను నుదుటి మీది అద్దాన్ని కంటి మీదికి లాక్కున్నాడు.

“విన్నారా?” ఆమె గొంతు తగ్గించింది. “నాన్న తలుపు మీద ఉంగరంతో అలాగే మూడుసార్లు కొట్టి, రమ్మంటేనే వచ్చేవారు. ఆ పెట్టెలో బొమ్మ నేనే. ఎప్పుడు తిప్పినా నన్ను లోపలే ఉంచేసుకుంటున్నారు.”

సంగతి మెల్లగా బయటపడింది. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబు పిలిచింది, సోమవారం బయల్దేరాలి. ఏడు పెట్టెలూ కలిసి బయటికొస్తే నాన్న పంపించినట్టు, రాకపోతే వద్దన్నట్టు. మనసులో అలా అనుకుని కూర్చుంది. మేనత్త ఎంత మొత్తుకున్నా వినడం లేదు.

“ఇది పెట్టెల్ని కలిపే కొక్కెం తంటా అండీ,” అన్నాడు మెకానిక్, ధైర్యం తెచ్చుకుని. “మీరు పళ్ళు అమర్చినట్టే. ఎత్తు వెంట్రుకవాసి తేడా వస్తే ఒకదాన్నొకటి పట్టవు.”

“మా పళ్ళు ఊడిపోతే తిట్టడానికి మనుషులొస్తారు. మీరు బాగుచేసిన వాచీ ఆగిపోతే?”

“టైమెంతో తెలియక, తిట్టడానికి ఎప్పుడు రావాలో వాళ్ళకు తెలియదు.”

ఈసారి పెదవి చివర కాస్త కదిలింది. ఆ కాస్తకే అతను మర్నాడు గంట ముందే వచ్చేశాడు.

కొక్కేల ఎత్తు కొలిచాడు. వెంట్రుకలాంటి స్ప్రింగులు మార్చాడు. చక్రాలు తుడిచాడు. లాభం లేదు. పసుపు పెట్టెను మూడోదిగా మార్చి చూశాడు. సొరంగంలోంచి ఇంజను, దాని వెనక రెండే పెట్టెలు వచ్చాయి. పసుపు పెట్టె తన వెనక నాలుగింటినీ పట్టుకుని చీకట్లో ఆగిపోయింది. టక్. టక్. టక్.

“చెప్పానా,” అంది ఆమె. ముఖం పాలిపోయింది. తెలియకుండానే అతని మోచెయ్యి పట్టుకుంది. తెలిశాక వదిలేసింది. బయట వాన కిటికీ అద్దాన్ని గోళ్ళతో గీరుతున్నట్టుంది. అతని గుండె భయంతో కొట్టుకుందో, మోచేతి వల్ల కొట్టుకుందో అతనికే తేలలేదు.

మూడోనాడు ఆమె టీ తేవడానికి కిందికెళ్ళింది. సొరంగంలో జారిపడిన స్ప్రింగు కోసం అతను పట్టకారు లోపలికి పోనిచ్చాడు. ఎవరో అవతలి కొస పట్టుకుని లాగినట్టు పట్టకారు కిందికి వంగింది. వెనక్కి లాక్కుని, కళ్ళు మూసుకుని నాలుగు క్షణాలు ఆలోచించాడు. అప్పుడు పసుపు పెట్టెను తిరగేసి చూశాడు. మిగతా పెట్టెల కొక్కేల కింద ఇత్తడి పుల్లలు. దీని ముందు కొక్కేనికి మాత్రం ఇనప పుల్ల.

అయస్కాంతం. సొరంగంలో పట్టాల కింద ఎవరో కావాలని పెట్టారు.

మెట్ల మీద కప్పుల చప్పుడు. ఇప్పుడే చెప్పొచ్చు. చెబితే ఆమె సోమవారం వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఈ ఊళ్ళోనే, తన షాపుకు నాలుగు వీధుల దూరంలోనే ఉండిపోతుంది.

“ఏమైనా తెలిసిందా?” అంది టీ అందిస్తూ.

“లేదండీ,” అన్నాడు. ఆ టీ విషంలా దిగింది.

ఆ రోజంతా షాపులో ఏ వాచీ చెవి దగ్గర పెట్టుకున్నా మూడు కొట్టి ఆగినట్టే వినిపించింది. మర్నాడు పొద్దున్నే ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

“నిన్న అబద్ధం చెప్పాను. కొక్కేన్ని విడదీసేది అయస్కాంతం. మీ నాన్నగారే అమర్చినట్టున్నారు. మీరు వెళ్ళిపోతారని చెప్పలేదు.”

“నేను వెళ్తే మీకేం?”

“నాకే. ఇంకెవరికీ ఏం లేదు.”

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, కోపమో మరొకటో. “నాన్న ఒక్కరు చాలరన్నట్టు, మీరు కూడా నన్ను ఆపేద్దామనుకున్నారన్నమాట.”

“అవును. తప్పే. అందుకే కొండ పగలగొట్టి చూడాలి. నాకు చేతులు రావు, ఆయన చేత్తో చేసింది. మీరే చెప్పాలి.”

ఆమె తన ల్యాబు కత్తి తెచ్చుకుంది. పంటి అచ్చును కోసినంత పొందికగా కొండ నెత్తిని కోసి పక్కన పెట్టింది.

లోపల రెండో పట్టా ఉంది. సరిగ్గా పసుపు పెట్టె ఆగేచోట మొదటి దాన్నుంచి చీలి, గోడవారగా బీరువా వెనకకు దూరింది. ఆ చీలిక పక్కనే అగ్గిపెట్టెంత రిలే, కరెంటు తగలగానే దానంతటదే కొట్టుకునే స్విచ్చు.

“చప్పుడు దీనిదే,” అన్నాడు మెకానిక్. “పెట్టె ఇక్కడ నిలబడగానే దేన్నో కదిలించాలని మూడుసార్లు ప్రయత్నించి ఆగిపోతోంది. ఇదిగో, ఒక తీగ కలపలేదు. అది కలిపేలోపే ఆయన...”

“బీరువా తాళంచెవి నాన్న పోయినప్పటి నుంచి దొరకలేదు,” అంది ఆమె, మిగతా మాట వినకుండా.

అతను సన్నని కడ్డీతో తాళం విప్పాడు. అరల్లేని బీరువాలో ఇంకో ఊరు. వీధులు, దీపాలు, మేడలు, ఒక ప్లాట్‌ఫాం. వెనక చెక్కకు కోసిన కన్నం దగ్గర బుజ్జి ఇంజను ఒకటి ఎదురుచూస్తోంది. ప్లాట్‌ఫాం మీద చెయ్యెత్తి నిలబడిన మగ బొమ్మ ఒకటి. చొక్కా, ప్యాంటు, బూట్లు, అన్నిటికీ రంగు వేశారు. ముఖానికి వేయలేదు. నున్నగా, తెల్లగా ఉంది.

ఆ ముఖం లేని ముఖం తననే చూస్తున్నట్టనిపించి మెకానిక్ ఒకడుగు వెనక్కేశాడు. ఇంజను కొక్కెం తాకి చూస్తే వేలికి తడి అంటింది.

ఈసారి దాచలేదు. వేలు చూపించాడు. “నూనె. ఇంత సన్న నూనె రెండు నెలల్లో ఆరిపోతుంది. దీన్ని ఈ మధ్యే వేశారు.”

ఆమె అతని వేలు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. కళ్ళు నిండాయి. “నాన్న చేతుల వాసన,” అంది. ఆ గొంతులో ఇప్పుడు భయం లేదు.

అతను తీగ కలిపి, పసుపు పెట్టెను మళ్ళీ చివర తగిలించాడు. ఆమె స్విచ్చు వేసింది. ఏడు పెట్టెలతో బండి కొండలోకి వెళ్ళింది, ఆరింటితో ఆగకుండా సాగిపోయింది. రిలే ఒక్కసారే కొట్టింది. బీరువాలోంచి బుజ్జి ఇంజను వెనక్కి నడుచుకుంటూ వచ్చి పసుపు పెట్టెను ముద్దు పెట్టుకున్నంత మెల్లగా తగిలింది. కొక్కెం పడింది. పసుపు పెట్టెను లాక్కుంటూ కొత్త ఊళ్ళోకి వెళ్ళి, ఆ మగ బొమ్మ ఎదురుగా ఆగింది.

“ఆపడం కాదు,” అంది ఆమె, బల్ల అంచు పట్టుకుని. “పంపించడం. ఇన్నాళ్ళూ ఆయన పంపిస్తుంటే నేనే వినలేదు.”

మెట్ల మీద ఆయాసం వినిపించింది. మోకాళ్ళు పట్టుకుంటూ, తిట్టుకుంటూ మేనత్త పైకొచ్చి, వెనక తలుపు మూసి కుర్చీలో కూలబడింది. బీరువాలోకి తొంగిచూసింది.

“మా తమ్ముడు అంతే. ఏదీ పూర్తిచేసి చావడు. ఈ ముఖం లేని మనిషెవరే?”

“తెలియదు అత్తా.”

“తెలియకపోతే వాడి ముఖం అలా కందగడ్డలా ఎందుకు ఎర్రబడింది?” అని మెకానిక్ వైపు చూపించింది. “ఏం బాబూ భూతద్దం, వాచీలు ఈ ఊళ్ళోనే పాడవుతాయా, వేరే ఊళ్ళల్లో కూడానా?”

“అన్ని ఊళ్ళల్లోనూ పాడవుతాయి అమ్మగారూ.”

“అమ్మగారేమిటి. అత్తా అను.”

అమ్మాయి పళ్ళకు రంగులద్దే సన్న కుంచె తెచ్చుకుంది. బొమ్మను గోళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుగులో కూర్చుంది. మెకానిక్ ఎటు చూడాలో తెలియక రిలే ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “ఎనిమిది నెలలు కొట్టుకుని అరిగిపోయింది, మార్చాలి,” అని గొణిగాడు.

“కదలకండి,” అంది ఆమె. కళ్ళు వేసింది. మూతి వేసింది. నుదుటి మీద ఆవగింజలో సగమంత గుండ్రని అద్దం వేసింది. “సోమవారం పదింటికి బండి. ముందు నేను వెళ్తాను. రెండో ఇంజను ఆలస్యం చేయకూడదు.”

“చేయదు,” అన్నాడు.

వాన ఆగింది. గదిలో ముగ్గురూ ఉన్నారు. రిలే మెకానిక్ అరచేతిలో చల్లగా, కదలకుండా ఉంది.

మూసి ఉన్న గది తలుపు మీద టక్, టక్, టక్ అని వినిపించింది.

మేనత్త నోరు తెరిచింది. మెకానిక్ పిడికిలి బిగుసుకుంది. అమ్మాయి మాత్రం తల తిప్పకుండా, కుంచె కొస ఊదుకుంటూ అంది.

“రండి నాన్నా. ముఖం వేసేశాను, చూసి చెప్పండి.”