గుంటుంది, సూసుకో!

“ఒలే రత్నా, గుంటుంది, సూసుకో!”

ధర్మతేజ అరిచిన అరుపుకి మైదానం అవతల మేస్తున్న మేకలు కూడా తలలెత్తి చూశాయి. చూడాల్సిన మనిషి మాత్రం చూడలేదు. గొడుగు వేసుకుని మైదానానికి అడ్డంగా నడిచొస్తున్న ఆ అమ్మాయి, బంతి ఎటునుంచి వస్తోందో చూడకుండా, చటుక్కున ఆగి తన కాళ్ల ముందున్న నేలని పరీక్షగా చూసుకుంది. బంతి వచ్చి గొడుగుకి తగిలింది. గొడుగు ఎగిరిపోయింది. అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి, గోల్ ముందున్న బురదలో చతికిలబడింది.

మా కొండల్లో ఆడపిల్లని గుంట అంటారు, మగపిల్లాణ్ణి గుంటడు అంటారు. ఇది అరకులో పుట్టినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తెనాలి నుంచి నిన్ననే దిగిన ఫిజియోథెరపిస్టు జయశ్రీకి చెప్పేవాళ్లే లేకపోయారు. అక్కడొచ్చింది చిక్కంతా.

“అంత గట్టిగా అరిసేను కదండీ, సూసుకోవద్దా?” తేజ కుంటుకుంటూ వచ్చి చెయ్యి అందించాడు.

“చూసుకోబట్టే తగిలింది!” ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండా తనే లేచింది. “గుంట ఉందని తెలిసినప్పుడు పక్కన ఓ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలండీ. మా ఊళ్లో అయితే అదే చేస్తారు.”

తేజకి బుర్ర తిరిగిపోయింది. ఆడపిల్ల కనబడితే కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడమేమిటి? తెనాలి వాళ్ల పద్ధతులు మరీ విడ్డూరంగా ఉన్నాయే అనుకున్నాడు.

అయినా మనవాడు ఊరుకునే రకమా? నల్లకళ్లద్దాలు తీసి, తల ఒక్కసారి విదిలించి నవ్వాడు. ఆ నవ్వుకి ఒకప్పుడు స్టేడియం స్టేడియమే లేచి నిలబడేది.

“నన్ను గుర్తుపట్టినట్టు లేరు.”

ఆమె నిదానంగా చూసింది. “మీరు ఫుట్‌బాల్ ధర్మతేజ కదూ? గుర్తుపట్టానులెండి. మీ జుట్టుకేమైంది? సగం బంగారం, సగం బొగ్గు!”

రత్న, ఆమెతో ఆడుతున్న ఆడపిల్లలంతా కిసుక్కుమన్నారు. తేజ గబుక్కున టోపీ పెట్టేసుకున్నాడు.

అది చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కోల్‌కతాలో ఆడే రోజుల్లో ఆ బంగారు జుట్టు ఎంత ఫేమస్! ఒక కాలికి పసుపు బూటు, ఒక కాలికి గులాబీ బూటు. గోల్ కొట్టాడంటే చాలు, జట్టు వాళ్లందరి నడుముల చుట్టూ చేతులు వేయించి మన కొండల ధింసా ఆడించేవాడు. గోవా వాళ్లు, పంజాబు వాళ్లు కూడా అడుగు కలిపేవారు. ఆ తర్వాత ఓ మ్యాచ్‌లో కుడి మోకాలు పోయింది. అవతలి జట్టు డిఫెండర్ తన్నాడన్నారు. రెండు ఆపరేషన్లయ్యాక క్లబ్బు వాళ్లు దండ వేసి, దండం పెట్టి పంపించేశారు. ఇప్పుడు మామ్మ యర్రమ్మ కాఫీ తోటలో ఉంటూ, ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలకి సాయంత్రాలు ఆట నేర్పుతున్నాడు.

నాలుగు రోజుల తర్వాత యర్రమ్మ మనవణ్ణి లాక్కెళ్లి ఆసుపత్రిలో కూర్చోబెట్టింది. తెర పక్కకి జరుపుకుని వచ్చింది జయశ్రీ.

“ఓ, మీరా!” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆమె మోకాలు అటూ ఇటూ వంచి చూసింది. “ఆ డిఫెండర్ ఎవరోగానీ నాకు కనబడితే నాలుగు దులిపేస్తాను. ఇంత దారుణంగా తంతారా?”

తేజ గతుక్కుమన్నాడు. ఏడాదిగా లోకమంతా ఆ డిఫెండర్ని తిడుతూనే ఉంది. ఎందుకో ఈమె కూడా తిడుతుంటే నోరు కట్టుకోలేకపోయాడు.

“పాపం, ఆడినేటీ అనకండి. ఆడు తన్నలేదు.”

“మరి?”

“గోల్ కొట్టేక ధింసా ఆడేను. గడ్డి తడిగా ఉంది. కాలు అక్కడే ఉండిపోనాది, నాను తిరిగిపోనాను.”

జయశ్రీ పెదవి బిగబట్టింది. మొహం తిప్పుకుంది. ఇంక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. “సారీ అండీ... సారీ... అంటే మీ డాన్సే మిమ్మల్ని తన్నిందా?”

చిత్రమేమిటంటే తేజకి కోపం రాలేదు. ఏడాదిగా అందరూ అయ్యో పాపం అనేవాళ్లే. నవ్విన మొదటి మనిషి ఈమె. అతనూ నవ్వాడు.

“మళ్లీ క్లబ్బుకి ఆడగలనా?” నవ్వులోనే అడిగేశాడు.

ఆమె నవ్వు ఆపింది. “ఆడలేరు. కొండెక్కగలరు, పిల్లలకి నేర్పగలరు, మెల్లగా ధింసా కూడా ఆడగలరు. క్లబ్బుకి మాత్రం ఇంక ఆడలేరు.”

పెద్ద పెద్ద డాక్టర్లంతా చూద్దాం, చూద్దాం అని చంపారు. లేదు అని తేల్చి చెప్పినందుకు గుండె పగలాలి కదా! పగల్లేదు. నెత్తి మీది కట్టెల మోపు ఎవరో అందుకుని దింపినట్టయింది. ఆ రాత్రి తేజ హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాత ఏముంది? మోకాలికి వ్యాయామం చేయించే వంకతో జయశ్రీ రోజూ సాయంత్రం మైదానానికి రావడం మొదలుపెట్టింది. “కాలు ఇంకా పైకెత్తండి, స్టార్ గారూ!” అని ఆమె, “మీరోసారి ఎత్తి సూపించండి, డాక్టరుగారూ!” అని అతను. ఆమె వచ్చేవేళకి టోపీ సర్దుకోవడం, రాకపోతే ఆసుపత్రి దారి వైపు చూడటం. రత్నకి, మిగతా పిల్లలకి అన్నీ అర్థమైపోయాయి. జయశ్రీకి మాత్రం ఒక్క గుంట సంగతే అర్థం కాలేదు. డాక్టరమ్మ ముందు పిల్లలంతా బుద్ధిగా బడి తెలుగు మాట్లాడుతున్నారు మరి!

నెల తిరక్కుండానే కోల్‌కతా నుంచి టీవీ వాళ్లు ఫోన్ చేశారు. స్టూడియోలో కూర్చుని ఆట గురించి మాట్లాడాలట. సోమవారం బయల్దేరి రమ్మన్నారు. తేజకి వెళ్లాలని లేదు. ఉండాలంటే ఒక్కమాట కావాలి. ఆ మాట అడగడానికే అతనికి నోరు పెగలడం లేదు. లక్షమంది ముందు నడుమూపినవాడు ఒక్కమ్మాయి ముందు నీళ్లు నమిలాడు.

ఆదివారం సాయంత్రం వాన పట్టుకుంది. పిల్లలు పరిగెత్తిపోయారు. ఒక్క గొడుగు కింద, గోల్ దగ్గర, ఆ బురద ఒడ్డున వాళ్లిద్దరే మిగిలారు.

“రేపు ఎల్లిపోమంటన్నారు,” అన్నాడు తేజ, నేలచూపులు చూస్తూ.

“విన్నాను. మంచి ఉద్యోగం కదా,” అంది జయశ్రీ. గొడుగుని అతని వైపు ఇంకాస్త వంచింది.

“మంచిదే. కానీ ఇక్కడో గుంటుంది.”

“ఉంది. తెలుసు.”

“తెలుసా!” తేజ గుండె ఎగిరి గంతేసింది.

“తెలీకపోవడమేమిటి? మొదటిరోజే పడ్డాను కదా!”

మొదటిరోజే పడిందట! తేజకి వానలో కూడా చెమట పట్టింది. ధైర్యమంతా కూడదీసుకున్నాడు. “ఆ గుంటంటే నాకు పేణం. ఒగ్గేసి ఎల్లలేను.”

జయశ్రీ వింతగా చూసింది. “దానికోసం ఉద్యోగం మానుకుంటారా? మీరు నిశ్చింతగా వెళ్లండి. రేపే మట్టి తోలించి పూడ్చేయిస్తాను. ఇలా వదిలేస్తే ఎవరి కాళ్లో విరుగుతాయి.”

కాదంటే కాదనొచ్చు. అడిగినవాడి మీద మట్టి కప్పేస్తాననాలా? తేజ గొడుగు కిందనుంచి బయటికొచ్చి, తడుస్తూ వెళ్లిపోయాడు. వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆమె కళ్లు తుడుచుకోవడం అతను చూడలేదు.

పొద్దున్న జీపులో సంచి పడేశాడు. మనవణ్ణి విశాఖలో రైలెక్కించి వస్తానని యర్రమ్మ ముందు సీట్లో కూర్చుంది. జీపు మైదానం పక్కకి వచ్చేసరికి, గోల్ దగ్గర ట్రాక్టరు మట్టి గుమ్మరిస్తోంది. చుడీదారు పైకి దోపుకుని, పార పట్టుకుని జయశ్రీ! చుట్టూ రత్న, పిల్లలు.

“జీపాపు బాబూ!” అంది యర్రమ్మ. దిగి గబగబా నడిచింది. “ఓలమ్మ! ఏటి సేత్తన్నావు, గుంటా?”

“అదే మామ్మా, గుంట పూడుస్తున్నాను. మీ మనవడికి ఇదంటే ప్రాణమట. ఏం ప్రాణమో! మనుషుల్ని వదిలి వెళ్లగలరట, దీన్ని మాత్రం వదల్లేరట.” ఆమె ముక్కు ఎగబీల్చింది.

యర్రమ్మ బురద వైపు చూసింది. డాక్టరమ్మ వైపు చూసింది. జీపు పక్కన దిగాలుగా నిలబడ్డ మనవడి వైపు చూసింది. నడుం మీద చేతులు వేసుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

“ఒలే ఎర్రిదానా! గుంటంటే గొయ్యి కాదే. ఆడపిల్ల! ఇదిగో రత్న గుంట. నువ్వు గుంట. ఒకప్పుడు నానూ గుంటనే!”

జయశ్రీ చేతిలోంచి పార జారింది. “అంటే... నిన్న వానలో ఆయన చెప్పిన గుంట...”

“నువ్వే మేడం!” పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

“మరి మొదటిరోజు గుంటుంది సూసుకో అన్నది?”

“మిమ్మల్నే. బంతి మీకు తగలకుండా సూడమని రత్నకి సెప్పేను,” అన్నాడు తేజ, దగ్గరికొస్తూ. అతనికి అప్పుడే ఎర్రగుడ్డ సంగతీ తెలిసొచ్చింది. “ఓర్నాయనో! అయితే మీరు పూడ్సేస్తానన్నది... నన్ను కాదా?”

“మిమ్మల్ని ఎందుకు పూడుస్తానండీ!” జయశ్రీ మొహం కాఫీ పండులా ఎర్రబడింది. “వెళ్లిపోతున్నారని రాత్రంతా ఏడిచాను నేను.”

తేజ ఊపిరి పీల్చుకున్నాడు. ఏడాదిలో అంత నిండుగా ఎప్పుడూ పీల్చుకోలేదు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు.

జయశ్రీ యర్రమ్మ వైపు తిరిగింది. “మామ్మా, ఆ గుంటడికి చెప్పండి. సంచి దించేసి పార పట్టుకోమని. బేగి!”

యర్రమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. “నీకు మా మాట వచ్చేసినాది. మా ఇంటి గుంటవి అయిపోనావు.”

మట్టి నింపడం అయిపోయింది. ఇంక అణగదొక్కాలి. పిల్లలు వరసగా నిలబడి ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకున్నారు. వరస చివర తేజ, అతని పక్కన జయశ్రీ. గోల్ ముందు, కొత్త మట్టి మీద, ధింసా అడుగు పడింది.

“కుడికాలు మెల్లగా, స్టార్ గారూ!” అంది జయశ్రీ.

తేజ కుడికాలు మెల్లగానే వేశాడు.